డెంటల్ ల్యాబ్ నడిపేవాళ్లకు చట్టం ఏం చెబుతోంది: నల్గొండ, పాలమూరు టెక్నీషియన్ల కోసం సమగ్ర మార్గదర్శి

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల... ఎక్కడ చూసినా డెంటల్ క్లినిక్‌లు పెరిగాయి, వాటితోపాటు క్యాప్‌లు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్లు చేసిచ్చే ల్యాబ్‌లూ పెరిగాయి. ఈ ల్యాబ్‌లలో పనిచేసేవాళ్లలో చాలామంది ఒక సీనియర్ దగ్గర చేరి, ప్లాస్టర్ కలపడంతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి చూసి చూసి నేర్చుకున్నవాళ్లే. పని చక్కగా వస్తుంది. కాగితాలు మాత్రం ఉండవు. ఎవరైనా కంప్లైంట్ పెట్టిన రోజు మీరు చెక్కిన క్యాప్ ఎంత బాగుందో ఎవరూ అడగరు, రిజిస్ట్రేషన్ ఏది, డాక్టర్ స్లిప్ (ఏం చేయాలో డెంటిస్టు రాసిచ్చే చీటీ) ఏది, మెటల్ కొన్న బిల్లు ఏది అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు ముందే తయారుగా ఉండాలంటే ఏమేం చేయాలో వరుసగా చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒక గీత మనసులో గీసుకోండి. మీ చెయ్యి మోడల్ (పేషెంటు పళ్ల ప్లాస్టర్ నమూనా) మీద ఉన్నంతసేపు అది మీ వృత్తి. అదే చెయ్యి పేషెంటు నోట్లోకి వెళ్లిందంటే అది డెంటిస్ట్రీ, దానికి మీకు అనుమతి లేదు. కింద చెప్పేవన్నీ దాదాపుగా ఈ గీత చుట్టూ తిరిగేవే.

అడుగు 1: చట్టం మిమ్మల్ని ఏమని పిలుస్తుందో తెలుసుకోండి

మనం టెక్నీషియన్ అంటాం. 1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్ మాత్రం డెంటల్ మెకానిక్ అంటుంది. పళ్ల సెట్లు, డెంటల్ అప్లయెన్సులు తయారుచేసే లేదా రిపేరు చేసే వ్యక్తి అని దాని అర్థం చెప్పింది. అదే యాక్ట్ డెంటిస్ట్రీకి ఇచ్చిన నిర్వచనం చాలా వెడల్పైనది. పళ్లకూ దవడలకూ చేసే ఆపరేషన్లు, ట్రీట్‌మెంటు, ఎక్స్‌రేలు, మత్తు ఇవ్వడమే కాదు, కట్టుడు పళ్లు పెట్టడానికి, బిగించడానికి, చేయడానికి, రిపేరు చేయడానికి సంబంధించి ఒక మనిషికి ఇచ్చే ట్రీట్‌మెంటు, సలహా, పరిచర్య అన్నీ అందులోకే వస్తాయి. ఇక్కడ సలహా అన్న మాట గమనించండి. పేషెంటును ల్యాబ్‌లో కూర్చోబెట్టుకుని "మీకు ఫిక్స్‌డ్ బ్రిడ్జి అయితే బాగుంటది" అని చెప్పినా మీరు ఆ గీత దాటినట్టే.

సెక్షన్ 49 ఇంకా సూటిగా ఉంటుంది. రిజిస్టర్ అయిన డెంటిస్టు గానీ, హైజీనిస్టు గానీ, మెకానిక్ గానీ కాకుండా డెంటిస్ట్రీ చేయకూడదు, పళ్లు క్లీన్ చేసే పని చేయకూడదు, పళ్ల సెట్లు, అప్లయెన్సులు చేసే పనీ చేయకూడదు. నోట్లో చెయ్యి పెట్టకుండా బల్ల మీద పని మాత్రమే చేసుకుంటున్నాం, మాకేం కాదు అనుకునేవాళ్లు ఈ చివరి భాగాన్ని రెండుసార్లు చదవాలి. బల్ల మీద పనికీ రిజిస్ట్రేషన్ కావాలి.

శిక్షలు చూస్తే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మొదటిసారి 500 రూపాయల వరకు జరిమానా, మళ్లీ దొరికితే ఆరు నెలల వరకు జైలు లేదా 1000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. 1948 నాటి లెక్కలివి. కానీ పేషెంటుకు దెబ్బ తగిలితే కేసు అక్కడితో ఆగదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చే పనికి 125 ఉన్నాయి, వాటి కింద పోలీసు కేసు వేరేగా నడుస్తుంది.

పార్లమెంటు 2023 ఆగస్టులో నేషనల్ డెంటల్ కమిషన్ యాక్ట్ తెచ్చింది, పాత 1948 చట్టం స్థానంలోకి వచ్చేది ఇదే. అందులో మన వృత్తి డెంటల్ ఆక్సిలరీల (డెంటిస్టుకు తోడుగా పనిచేసేవాళ్ల) కిందికి వస్తుంది. కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు, రెన్యువల్‌కు పోయే ముందు ఇప్పుడు ఏ ఫారం నడుస్తోంది, ఏ రిజిస్టర్లో పేరు ఎక్కుతుంది అని రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. మిత్రుడు మూడేళ్ల కిందట నింపిన ఫారం జిరాక్స్ తెచ్చుకుని అదే నింపొద్దు.

అడుగు 2: రిజిస్ట్రేషన్

గుర్తింపు ఉన్న చదువు అంటే డెంటల్ మెకానిక్ కోర్సు, రెండేళ్ల డిప్లొమా. ఇంటర్ సైన్సు అయ్యాక చేరాలి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, మన వైపు నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. కాలేజీ ఉన్నంత మాత్రాన అక్కడ మెకానిక్ కోర్సు ఉన్నట్టు కాదు, కోర్సు ఉన్నంత మాత్రాన ఈ ఏడాదికి గుర్తింపు ఉన్నట్టూ కాదు. ఫీజు కట్టే ముందు మెకానిక్ కోర్సుకు ఏ సంవత్సరం వరకు అనుమతి ఉందో ఆ లెటరు చూపించమనండి. ఆరు నెలల్లో సర్టిఫికెట్ చేతికిస్తాం, దూరవిద్యలో చేయొచ్చు అని చెప్పే ఇన్‌స్టిట్యూట్లు టౌన్లలో కనిపిస్తాయి. వాటి కాగితంతో కౌన్సిల్‌లో పేరు ఎక్కదు. పిల్లల దగ్గర నలభై యాభై వేలు వసూలు చేసి అలాంటి కాగితం ఇవ్వడం చూస్తే కడుపు మండుతుంది, ఎందుకంటే ఆ డబ్బు ఎక్కువగా పొలం మీద అప్పు తెచ్చి కట్టిన డబ్బే.

డిప్లొమా చేతికొచ్చాక తెలంగాణ స్టేట్ డెంటల్ కౌన్సిల్‌లో దరఖాస్తు చేయాలి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిప్లొమా, మార్కుల మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు అన్నీ ఒరిజినల్స్‌తో సహా పట్టుకెళ్లండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించుకోండి. హైదరాబాద్ దాకా పోయి దీని కోసమే తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ.

గద్వాల, నారాయణపేట వైపు వాళ్లు చాలామంది రాయచూరులోనో కర్నూలులోనో చదివి అక్కడే రిజిస్టర్ అవుతారు. ఇక్కడ ల్యాబ్ పెట్టాలంటే ఆ రిజిస్ట్రేషన్ ఈ రాష్ట్రానికి మార్చుకోవాలి. 2014 జూన్ కంటే ముందు ఉమ్మడి రాష్ట్రంలో పేరు ఎక్కినవాళ్లూ అంతే, మీ పేరు ఇప్పుడు తెలంగాణ రిజిస్టర్లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెన్యువల్ ఫీజు గడువు దాటిస్తే రిజిస్టర్ నుంచి పేరు తీసేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది. మళ్లీ కట్టి ఎక్కించుకోవచ్చు, కానీ మధ్యలో ఉన్న రోజుల్లో మీరు రిజిస్టర్ కాని మనిషి కిందే లెక్క.

డిప్లొమా లేకుండా పదేళ్లుగా పనిచేస్తున్నవాళ్ల సంగతేంటి అని అడుగుతారు. అనుభవం చూసి పేరు ఎక్కించుకునే వెసులుబాటు రిజిస్టర్లు మొదలైన కొత్తలో ఉండేది, ఇప్పుడు దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. వయసు, ఇంటర్ ఉన్నవాళ్లు కోర్సులో చేరండి. ల్యాబ్ ఓనర్లకు ఒక మాట: మీ దగ్గర మంచి చెయ్యి ఉన్న పిల్లాడు ఉంటే రెండేళ్లు చదివించండి, సాయంత్రాలు పని ఇవ్వండి. అలా చదివినవాళ్లు ల్యాబ్ వదిలి పోవడం తక్కువ.

అడుగు 3: బోర్డు, విజిటింగ్ కార్డు

పేరు ముందు డాక్టర్ అని పెట్టొద్దు. డెంటల్ సర్జన్, డెంటల్ ప్రాక్టీషనర్ లాంటి మాటలు వాడొద్దు, సెక్షన్ 48 ఉన్నది వీటి కోసమే. రిజిస్టర్ కాకుండా డెంటల్ మెకానిక్ అని రాసుకున్నా అదే సెక్షన్ వర్తిస్తుంది. "ఇక్కడ పళ్లు కట్టబడును" అని రాస్తే అది పేషెంట్లను పిలవడమే. డెంటల్ ల్యాబొరేటరీ, డెంటిస్టుల ఆర్డర్లకు మాత్రమే అని రాయించండి, కింద మీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వేయండి. బోర్డు మీద నవ్వుతున్న నోటి బొమ్మ తీసేయండి. ఆ బొమ్మ చూసే జనం లోపలికొస్తారు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి ల్యాబ్ నడపాలనుకుంటే సెక్షన్ 51 చదవకుండా ముందుకు పోవద్దు. కంపెనీ పేరు మీద ఈ పని చేయడానికి డైరెక్టర్లు, పనిచేసేవాళ్ల రిజిస్ట్రేషన్ విషయంలో షరతులు ఉన్నాయి. చిన్న ల్యాబ్‌కు సొంత పేరు మీదో భాగస్వామ్యంగానో నడుపుకోవడం సులువు.

అడుగు 4: చోటుకు సంబంధించిన కాగితాలు

ఇవి త్వరగా చెప్పేస్తాను. మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు. కార్మిక శాఖలో షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, ల్యాబ్ తెరిచిన 30 రోజుల్లోపు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఏజెంటుకు డబ్బులివ్వకండి. పనివాళ్లు పది మందికి చేరితే ఈఎస్‌ఐ. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనికీ పెట్టుకోకూడదు, ఆ పైన పద్దెనిమిది లోపు వాళ్లను కాస్టింగ్, గ్రైండింగ్ దగ్గరికి రానివ్వకండి.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. ఒకటి కరెంటు. ఇంటి మీటరు మీదే ఫర్నేసు, కంప్రెషర్, మిల్లింగ్ మెషిన్ నడిపేవాళ్లు ఉన్నారు. తనిఖీలో దొరికితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అనధికార వాడకంగా లెక్కగట్టి రెట్టింపు టారిఫ్ వేస్తారు. టీజీఎస్పీడీసీఎల్ ఆఫీసులో అడిగి మీ పనికి సరిపోయే కేటగిరీకి మార్పించుకోండి. రెండోది గ్యాస్. వంటింటి 14.2 కిలోల సిలిండర్ ల్యాబ్‌లో కనిపించకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే ఉండాలి. ఇది జరిమానాతో పోయే సంగతి కాదు. అక్రిలిక్ పొడిలో కలిపే మోనోమర్ ద్రవం సీసా మూత తీసి ఉన్న బల్ల పక్కనే గ్యాస్ బర్నర్ మంట వెలుగుతుంటుంది, ఆ ద్రవం ఆవిరికే అంటుకుంటుంది. అక్కడ అగ్నిప్రమాదం జరిగితే, సిలిండర్ ఇంటిదని తేలితే, ఇన్సూరెన్సువాళ్లకు క్లెయిమ్ తిప్పి పంపడానికి వేరే సాకు అక్కర్లేదు.

అడుగు 5: ల్యాబ్ స్లిప్ లేకుండా పని ముట్టుకోవద్దు

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

మనం చేసేవి చట్టం దృష్టిలో మెడికల్ డివైజులు. మెడికల్ డివైజెస్ రూల్స్ 2017లో వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని రకాల మెడికల్ డివైజులూ వాటి కిందికి వచ్చాయి. తక్కువ ముప్పున్న ఏ, బీ తరగతులకు 2022 అక్టోబర్ నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబర్ నుంచి లైసెన్సులు తప్పనిసరి అయ్యాయి. మరి ప్రతి ల్యాబూ తయారీ లైసెన్సు తీసుకోవాలా? ఇక్కడే కస్టమ్ మేడ్ డివైజ్ అన్న మినహాయింపు మనల్ని కాపాడుతుంది. ఒకే ఒక్క పేషెంటు కోసం, డాక్టర్ రాతపూర్వకంగా ఇచ్చిన ప్రిస్క్రిప్షన్ ప్రకారం, ఆ డాక్టర్ బాధ్యత మీద తయారుచేసే డివైజుకు లైసెన్సు అక్కర్లేదు. డ్రగ్స్ రూల్స్‌లో రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అన్న మాటలో రిజిస్టర్ అయిన డెంటిస్టు కూడా వస్తారు, కాబట్టి డెంటిస్టు రాసిన స్లిప్ చాలు.

ఇప్పుడు తిప్పి చూడండి. స్లిప్ లేకపోతే? మినహాయింపు నిలబడేదే రాతపూర్వకమైన ప్రిస్క్రిప్షన్ మీద. అది లేకుండా చేసిన క్యాప్, లైసెన్సు లేకుండా చేసిన మెడికల్ డివైజ్ కింద లెక్కకొస్తుంది. "అన్నా, పొద్దున పంపిన కేసు జిర్కోనియా చేసెయ్, ఏ2" అని మెటీరియల్, పన్ను రంగు (షేడ్) ఫోన్లో చెప్పింది ప్రిస్క్రిప్షన్ కాదు. వాట్సాప్‌లో పంపినా సంతకంతో ఉన్న స్లిప్ ఫొటోనే పంపమనండి, ఒరిజినల్ తర్వాతి పార్సిల్లో వచ్చేలా చూడండి.

స్లిప్‌లో ఏముండాలి? డెంటిస్టు పేరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, క్లినిక్ అడ్రస్, పేషెంటు పేరు లేదా క్లినిక్ ఇచ్చిన నంబరు, వయసు, పన్ను నంబరు, ఏం చేయాలి, ఏ మెటీరియల్, షేడ్, నికెల్ లాంటి మెటల్ పడని అలర్జీ ఉందా, అచ్చు డిస్ఇన్ఫెక్ట్ చేశారా, తేదీ, సంతకం. మీరే పుస్తకం ప్రింట్ చేయించి క్లినిక్‌లకు పంచండి, రెండు కాపీలు పడేలా. పుస్తకం చేతిలో ఉంటే డాక్టర్లు రాస్తారు, లేకపోతే మందుల చీటీ వెనక రాస్తారు.

పన్ను నంబరు దగ్గర ఒక ముచ్చట. మన దగ్గర ఎక్కువగా నడిచేది రెండంకెల ఎఫ్‌డీఐ పద్ధతి, 14 అంటే పై దవడలో కుడివైపు మొదటి ప్రీమోలార్ (చిన్న దవడపన్ను). అమెరికాలో వాడే పద్ధతిలో అదే 14 పై దవడలో ఎడమవైపు మొదటి మోలార్ (పెద్ద దవడపన్ను). బయట దేశంలో పనిచేసి వచ్చిన డాక్టరో, విదేశీ సాఫ్ట్‌వేర్‌తో పంపిన ఫైలో అయితే ఈ తేడా వస్తుంది. స్లిప్ మీదే ఎఫ్‌డీఐ అని ప్రింట్ చేయించండి, పక్కన చిన్న పళ్ల బొమ్మ పెట్టి గుండ్రం చుట్టమనండి. అనుమానం వస్తే ఫోన్ చేయండి, ఫోన్లో తేలింది స్లిప్ వెనక తేదీ వేసి రాయండి.

స్లిప్‌లు ఎన్నాళ్లు దాచాలి? కన్స్యూమర్ కంప్లైంట్‌కు గడువు రెండేళ్లు, జీఎస్టీ ఉన్నవాళ్లకు లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఏడేళ్లు దాచండి, రెండూ కవరవుతాయి.

ఇంకోటి. సైజుల వారీగా నైట్ గార్డులు (నిద్రలో పళ్లు కొరికేవాళ్లు పెట్టుకునే తొడుగులు) ముందే చేసి పెట్టుకుని అమ్మడం, రెడీమేడ్ పళ్లు మీ బ్రాండు పేరుతో డబ్బాల్లో అమ్మడం కస్టమ్ మేడ్ కాదు. ఏ, బీ తరగతులవైతే (ఏ తరగతిలో స్టెరైల్ కానివి, కొలత చూపనివి తప్ప) తయారీకి ఎండీ-3 ఫారంలో దరఖాస్తు చేసి ఎండీ-5 లైసెన్సు తీసుకోవాలి, ఇచ్చేది రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్.

అడుగు 6: పేషెంటు నేరుగా ల్యాబ్‌కు వస్తే

అసలు కష్టం ఇక్కడే. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు నడివయసులో ఉంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లల సంగతి మారింది, కానీ పెద్దవాళ్ల పళ్ల మీద పడిన గోధుమరంగు మచ్చ పోదు. పెళ్లిచూపుల ముందు ఆడపిల్ల తండ్రి వస్తాడు. "అన్నా, డాక్టర్ దగ్గర పన్నుకు ఐదారు వేలు చెప్తున్నరు. చేసేది నువ్వే గదా, జర నువ్వే పెట్టరాదూ" అంటాడు. ఆయన అడిగేదాంట్లో అన్యాయం లేదు, ఆయనకు ఆ గీత తెలియదు, మీకు తెలుసు.

క్యాప్ పెట్టాలంటే పన్ను అరగదీయాలి. ఫ్లోరోసిస్ ఉన్న పన్ను పైపొర గట్టిగా కనిపించినా లోపల డొల్లగా, పెళుసుగా ఉండొచ్చు, అంటించే సిమెంటు మామూలు పన్ను మీద పట్టినట్టు పట్టకపోవచ్చు. కొందరికి అసలు క్యాపే అక్కర్లేదు, పై మచ్చ తగ్గించే తేలికైన ట్రీట్‌మెంటుతో సరిపోతుంది. అది తేల్చాల్సింది డెంటిస్టు. మీరు చేయగలిగిన మేలు ఏంటంటే, తక్కువ ఫీజు తీసుకునే మంచి డెంటిస్టు దగ్గరికి, లేదా నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్ డెంటల్ కాలేజీ ఓపీకి పంపండి. అలా పంపినందుకు డాక్టర్ దగ్గర కమిషన్ అడగొద్దు, మీరూ కేసుల కోసం డాక్టర్లకు కమిషన్ ఇవ్వొద్దు. 2014 నాటి డెంటిస్టుల ప్రవర్తనా నియమావళి ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాన్ని తప్పుపడుతుంది.

ఒక పన్ను ఊడిన చోట సెల్ఫ్‌క్యూర్ (దానంతటదే గట్టిపడే) అక్రిలిక్ కలిపి నేరుగా నోట్లోనే పోసి, పక్క పళ్లకు అతికించేయడం సంతల్లో, బస్టాండ్ల దగ్గర ఇంకా నడుస్తోంది. గట్టిపడేటప్పుడు వచ్చే వేడికి చిగురు కాలుతుంది, మోనోమర్‌కు పుండు పడుతుంది, పక్క పళ్ల మధ్య బ్రష్ దూరదు. బాగున్న పక్క పళ్లు కూడా కదిలిపోవచ్చు. పని తెలిసిన టెక్నీషియన్ ఎవరూ దీని జోలికి పోకూడదు.

విరిగిన పళ్ల సెట్టు పట్టుకుని ముసలమ్మ వస్తే? రిపేరు మెకానిక్ పనిలోదే. మధ్యలో విరిగి రెండు ముక్కలూ చక్కగా కలుస్తుంటే బల్ల మీదే అతుకుతుంది. కానీ మళ్లీ అచ్చు తీయాలన్నా, నోట్లో పెట్టి చూడాలన్నా, కొరుకుతుందని అరగదీయాలన్నా అది డెంటిస్టు పని. మామూలు అతుకుకైనా ఆమెకు ట్రీట్‌మెంట్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేసి స్లిప్ ఫొటో తెప్పించుకోండి. పది నిమిషాలు పడుతుంది. ఈలోగా ఆమెకు కుర్చీ వేసి మంచినీళ్లివ్వండి.

షేడ్ చూడ్డానికి రమ్మని క్లినిక్ పిలిస్తే వెళ్లొచ్చు, డాక్టర్ పక్కనే ఉండాలి, షేడ్ గైడ్ ఆయన పట్టుకుంటే మీరు చూసి చెప్పండి, పగటి వెలుతురులో. నోటి స్కానర్ మీరే కొని క్లినిక్‌లు తిరిగి స్కాన్ చేయడం ఇప్పుడు మొదలైంది. నోట్లోకి వెళ్లేది స్కానర్ అయినా నోరు నోరే, డాక్టర్ చేయాల్సిన పని అది. ల్యాబ్ స్కానర్‌తో మోడల్‌ను స్కాన్ చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

అడుగు 7: మెటీరియల్, బిల్లు, బ్యాచ్ నంబరు

జిర్కోనియా బ్లాకు, అక్రిలిక్, సిరామిక్ పౌడర్, మెటల్ ముద్దలు, త్రీడీ ప్రింటింగ్ రెజిన్ ఇవన్నీ లైసెన్సుతో తయారైనవో దిగుమతి అయినవో ఉండాలి. డబ్బా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. ప్యాకింగ్ లేకుండా పొట్లాల్లో వచ్చే చవక మెటల్ కొనొద్దు. దీని వెనక ప్రాణాల సంగతి ఉంది. కొన్ని పాత నికెల్ క్రోమియం మెటళ్లలో బెరీలియం కలుపుతారు, పోత బాగా పారుతుంది. గ్రైండ్ చేసేటప్పుడు ఆ దుమ్ము పీల్చిన టెక్నీషియన్ ఊపిరితిత్తులకు మందు లేని జబ్బు వస్తుంది. డెంటల్ మెటళ్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22674 ప్రకారం బెరీలియం, కాడ్మియం ఒక్కోటి 0.02 శాతం మించకూడదు, నికెల్ 0.1 శాతం దాటితే ప్యాకెట్ మీద చెప్పాలి. మెటల్ కొనేటప్పుడు బెరీలియం లేదన్న మాట కాగితం మీద ఉందా అని చూడండి, సేల్స్ కుర్రాడి నోటి మాట వద్దు.

ప్రతి కేసు స్లిప్ మీద వాడిన మెటీరియల్ పేరు, బ్యాచ్ నంబరు రాయండి. అక్రిలిక్ సెట్టు అయితే ఎలా ఉడికించారో కూడా రాయండి, ఉదాహరణకు 74 డిగ్రీల దగ్గర రెండు గంటలు, ఆ తర్వాత మరిగే నీళ్లలో గంట. తొందరపడి అరగంటలో మరిగించి తీసేస్తే లోపల మోనోమర్ మిగిలిపోతుంది, పేషెంటు నోరు మండుతుందని వస్తాడు. ఆ రోజు మీ రాత ఉంటే మాట్లాడగలరు.

అడుగు 8: అచ్చులు, దుమ్ము

ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వస్తుంది, కవరు విప్పితే అచ్చు మీద ఎర్రగా రక్తం మరక, కింద లాలాజలం. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. బయో మెడికల్ వేస్ట్ నియమాలు 2016 నుంచి ఉన్నాయి, క్లినిక్‌కు వర్తించినట్టే ఇలాంటి చెత్త మన దగ్గర పడితే మనకూ బాధ్యత ఉంటుంది. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ప్రాంతీయ ఆఫీసులో అడిగి, చెత్త తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం రాసుకోండి. క్లినిక్‌లోనే కడిగి డిస్ఇన్ఫెక్ట్ చేసి పంపేలా స్లిప్‌లో గడి పెట్టండి, అయినా మీ దగ్గర మళ్లీ చేయండి: ఆల్జినేట్ (పొడిని నీళ్లలో కలిపి తీసే అచ్చు) అయితే అర శాతం హైపోక్లోరైట్ చల్లి, మూసిన కవర్లో పది నిమిషాలు, కడిగి వెంటనే ప్లాస్టర్ పోయాలి. ఎక్కువసేపు నానబెడితే కొలత మారుతుంది. హెపటైటిస్ బీ టీకా ల్యాబ్‌లో అందరికీ వేయించండి.

మెటల్ పోతకు అచ్చు చేసే ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్లో సిలికా ఉంటుంది. పోత పోశాక దాన్ని పొడిగా పగలగొడితే లేచే తెల్లటి దుమ్ము సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. నీళ్లలో ముంచి పగలగొట్టండి. బ్లాస్టింగ్‌కు ఇసుక వాడకండి, అల్యూమినా వాడండి. బల్ల దగ్గరే దుమ్ము లాగే సక్షన్ పెట్టించండి, ఎన్95 మాస్కు ఇవ్వండి. ముక్కుకు కర్చీఫు కట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు.

అడుగు 9: డెలివరీ, బిల్లు, ట్యాక్సు

పార్సిల్ మీద కస్టమ్ మేడ్ డివైజ్ అన్న మాట ఉండాలి, అది మినహాయింపుకు పెట్టిన షరతు. దాంతోపాటు ల్యాబ్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పేషెంటు గుర్తు, డెంటిస్టు పేరు, మెటీరియల్, బ్యాచ్, తేదీ. పార్సిల్ డెంటిస్టుకే వెళ్లాలి, పేషెంటు బంధువు చేతికి ఇవ్వకండి. గ్రూపుల్లో కేసు ఫొటోలు పెట్టేటప్పుడు పేషెంటు ముఖం, పేరు కనిపించనివ్వకండి.

జీఎస్టీలో చాలామంది పొరపడే విషయం ఒకటుంది. వస్తువులకు 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని బయట చెప్పుకుంటారు, తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. మీ ఏడాది టర్నోవర్ దానికి దగ్గరగా వస్తుంటే ఆడిటర్‌ను కలవండి. కృత్రిమ పళ్లు 9021 హెడింగ్ కిందికి వస్తాయి, రేటు 5 శాతం.

అడుగు 10: కంప్లైంట్ వస్తే

క్యాప్ విరిగిందనో, సరిపడలేదనో మాట వస్తే ముందు డెంటిస్టుతోనే మాట్లాడండి, పేషెంటుతో విడిగా బేరాలకు దిగొద్దు. మోడల్, అచ్చు, విరిగిన ముక్క పారేయకుండా కవర్లో పెట్టి తేదీ రాయండి. మార్జిన్ (క్యాప్ అంచు) మోడల్ మీద సరిగ్గా కూర్చుని నోట్లో కూర్చోకపోతే తేడా అచ్చులో ఉండొచ్చు, ఆ మోడల్ ఒక్కటే దానికి సాక్ష్యం. తప్పు మీదని తేలితే డబ్బులు లేకుండా రీమేక్ చేసిచ్చి, స్లిప్ మీద కారణం రాయండి.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే టెన్షన్ పడకుండా గుర్తింపు కార్డు చూడండి, అడిగిన రికార్డు చూపించండి, ఏదైనా తీసుకెళ్తే రసీదు అడగండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

జిల్లా కన్స్యూమర్ కమిషన్ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయొద్దు. 2019 నాటి వినియోగదారుల చట్టంలో తయారుచేసినవాడి మీదా ప్రోడక్ట్ లయబిలిటీ ఉంది, కాబట్టి డెంటిస్టుతోపాటు మిమ్మల్నీ పార్టీగా చేర్చొచ్చు. జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు. ఆ 45 రోజులు దాటాక వేసే జవాబు తీసుకోరని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. నోటీసు కవరు అందిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి, ఆ వారంలోనే స్లిప్, బిల్లులు, మోడల్ పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లండి.